ఏ కోతకు ఏ రంపం

2024 సెప్టెంబరు మొదట్లో జి.కొండూరు మండలం కవులూరు దగ్గర బుడమేరు కట్టకు గండ్లు పడ్డాయి. దిగువన బెజవాడ సింగ్‌నగర్ దాకా ఇళ్లు రోజుల తరబడి నానాయి. అవే వానలకు జగ్గయ్యపేట కూడా మునిగింది. నీళ్లు తీశాక చూస్తే తలుపులు ఉబ్బి గడపకు పట్టేశాయి, వంటింటి అరల ప్లైవుడ్ పొరలు పొరలుగా విచ్చుకుంది, మంచాల కింది పలకలు వంకర తిరిగాయి. అలాంటి సమయంలో వడ్రంగి మేస్త్రి దొరకడం కష్టం. దొరికినా తలుపు అడుగున అరంగుళం కోయడానికి ఆయన ఒక పూట ఇవ్వలేడు. దాంతో ఇంటి యజమానులు తామే మిషన్ కొనుక్కుని పని చేసుకోవాలని చూస్తారు. వరద లేని ఏడాదిలోనూ పెళ్లికి ముందు ఇల్లు సరిచేసుకోవడం, పైన రేకుల గది వేసుకోవడం, మామిడి తోటలో ఎండు కొమ్మలు తీయడం ఉండనే ఉంటాయి. కొనే ముందు ఏ రంపం కొనాలన్న ప్రశ్నను మొత్తంగా ఒకసారి చూడటం అవసరం. తప్పు రంపానికి డబ్బు పోతే పోయింది, వేలు పోతే మళ్లీ రాదు.

షాపులో మొదట చెప్పేది వాట్లు. 1200 వాట్లు, 1400 వాట్లు, ఎంత ఎక్కువైతే అంత మంచిదన్నట్టు చెబుతారు. నా లెక్క ప్రకారం వాట్లు చివర చూడాల్సినవి. మొదట చూడాల్సింది కోయబోయే వస్తువు మందం. అరలకు వాడే ప్లైవుడ్ 18 లేక 19 మిల్లీమీటర్లు. గదుల ఫ్లష్ డోరు 30 నుంచి 35 మధ్య. పాత పద్ధతి ద్వారబంధం 5 అంగుళాలకు 3 అంగుళాలు, అంటే సన్నవైపే 75 మిల్లీమీటర్లు. ఇప్పుడు రంపాల సంగతి. 4 అంగుళాల చక్రం 32 నుంచి 34 మిల్లీమీటర్ల లోతు కోస్తుంది. 7 అంగుళాల సర్క్యులర్ సా నిలువుగా 62 నుంచి 66 దాకా, 45 డిగ్రీల వాలులో 45 దాకా కోస్తుంది. 9 అంగుళాలది 85 దాటదు. అంటే ప్లైవుడ్ ఏ మిషన్‌తోనైనా తెగుతుంది. ఫ్లష్ డోరుకు 4 అంగుళాలది అటూ ఇటూ. ద్వారబంధానికైతే 7 అంగుళాల మిషన్‌తో కూడా రెండు వైపుల నుంచీ కోయాల్సిందే. ఇంట్లో ఉన్న చెక్కను టేపుతో కొలుచుకుని, ఆ అంకె కాగితం మీద రాసుకుని షాపుకి వెళితే సగం సమస్య తీరుతుంది.

జి.కొండూరైనా, మైలవరమైనా, నందిగామైనా హార్డ్‌వేర్ షాపులో రంపం మిషన్ కావాలంటే ముందుగా బల్ల మీదికి వచ్చేది మార్బుల్ కట్టరే. టైల్స్, గ్రానైట్ కోయడానికి చేసిన 4 అంగుళాల మిషన్ అది. వజ్రపు రజను అద్దిన చక్రం తీసేసి, పళ్లున్న కట్టె బ్లేడు బిగించి వాడటం మన వడ్రంగుల్లో ఎప్పటినుంచో ఉన్న అలవాటు. ఈ అలవాటు వెనుక ఉన్న కారణాలను తేలిగ్గా కొట్టిపారేయకూడదు. మిషన్ చౌక. బరువు తక్కువ, నిచ్చెనెక్కి పట్టుకోవచ్చు. ఒక్క మిషన్‌తో పొద్దున టైల్, సాయంత్రం ప్లైవుడ్. చెడిపోతే కార్బన్ బ్రష్‌లు ఏ మండల కేంద్రంలోనైనా దొరుకుతాయి. ఆర్మేచర్ కాలిపోతే చుట్టించుకోవచ్చు. రోజుకూలీ మీద బతికే మేస్త్రికి ఇవన్నీ నిజమైన సౌకర్యాలు.

కానీ ఆ మిషన్ నిర్మాణం చూడండి. వజ్రపు చక్రానికి పళ్లుండవు, అది రాయిని అరగదీస్తుంది, కరిచి పట్టుకోదు. అందుకే ఆ మిషన్‌కు పైసగం కప్పే గార్డు ఒక్కటే పెట్టారు. కింద స్ప్రింగుతో దానంతట అదే మూసుకునే గార్డు లేదు. చాలా మోడళ్లలో స్విచ్ పక్కన లాక్ బటన్ ఉంటుంది. అది నొక్కితే వేలు తీసినా మిషన్ తిరుగుతూనే ఉంటుంది. నేల మీద టైల్ పొడవునా కోసేవాడికి అది సుఖం. అదే మిషన్‌కు పళ్ల బ్లేడు పెట్టి, నిమిషానికి 12 వేల చుట్లకు అటూ ఇటూ తిరుగుతుండగా కట్టెలో ముడి తగిలితే బ్లేడు కరుస్తుంది, మిషన్ వెనక్కి తన్నుతుంది. చెయ్యి జారితే, లాక్ వేసి ఉంటే, కింద గార్డు లేని బ్లేడు తిరుగుతూనే తొడ మీదికో కాలి మీదికో వస్తుంది. నేర్పరి మేస్త్రికి కూడా ఆ క్షణంలో చేయగలిగింది ఏమీ ఉండదు, ఎందుకంటే ఆపే ఏర్పాటు మిషన్‌లోనే లేదు. పైగా కొన్ని చౌక బ్లేడ్ల మీద రాసి ఉండే గరిష్ఠ వేగం మిషన్ వేగం కంటే తక్కువ ఉంటుంది. అసలు ఏ అంకే రాయని బ్లేడ్లు కూడా అమ్ముతున్నారు. అలాంటి బ్లేడు పన్ను ఊడితే తూటాలా ఎగిరిపోతుంది.

కట్టె కోయడానికి చేసిన 7 అంగుళాల సర్క్యులర్ సా దీనికి సరిగ్గా వ్యతిరేకంగా ఉంటుంది. వేగం నిమిషానికి 5 వేల చుట్ల ప్రాంతం. కింది గార్డు చెక్కను తాకినప్పుడే తెరుచుకుని, చెక్క దాటగానే టక్కున మూసుకుంటుంది. స్విచ్ నొక్కాలంటే ముందు ఇంకో బటన్ నొక్కాలి, వేలు తీస్తే ఆగుతుంది. అడుగున వెడల్పైన పళ్లెం ఉంటుంది కాబట్టి చెక్క మీద కుదురుగా కూర్చుంటుంది. మార్బుల్ కట్టర్ కంటే ధర బాగా ఎక్కువ, బరువు 4 కిలోల చిల్లర. ఆ తేడా డబ్బు గార్డుకూ స్విచ్‌కూ ఇస్తున్న డబ్బే. మన దగ్గర ఆ కింది గార్డును బైండింగ్ వైరుతో పైకి కట్టేసి వాడటం కూడా చూస్తుంటాం. అలా కట్టేస్తే ఎక్కువ డబ్బు పోసి మళ్లీ మార్బుల్ కట్టరే కొన్నట్టు.

ఈ మిషన్ పుట్టుక కథ చెరకు తోటల్లో మొదలైంది. 1920లలో అమెరికాలోని న్యూ ఆర్లియన్స్‌లో ఎడ్మండ్ మిషెల్ అనే ఆయన చెరకు నరికే కూలీల కత్తులు చూసి, ఆ పనికి మోటారు బిగిస్తే బాగుంటుందనుకున్నాడు. చివరికి ఆ మోటారు చెరకుకు కాకుండా కట్టెకు పనికొచ్చింది. స్కిల్ సా పేరుతో వచ్చి వడ్రంగం స్వరూపాన్నే మార్చేసింది.

మిషన్ కంటే ఎక్కువ శ్రద్ధ బ్లేడు మీద పెట్టాలని నా అభిప్రాయం. మిషన్‌తో పాటు పెట్టెలో వచ్చే బ్లేడుకు సాధారణంగా 24 పళ్లుంటాయి. అది పొడవునా చీల్చడానికి బాగుంటుంది, వేగంగా పోతుంది, అంచు గరుగ్గా ఉంటుంది. ఇంట్లో అన్ని పనులకూ 40 పళ్లది సరిపోతుంది. సన్‌మైకా అతికించిన ప్లైవుడ్ అంచు పెచ్చులు లేవకుండా రావాలంటే 60 పళ్లది కొనాలి. పళ్ల కొనలకు టంగ్‌స్టన్ కార్బైడ్ అతికించిన బ్లేడే తీసుకోవాలి. టేకులో సహజంగానే ఇసుకలాంటి సిలికా ఉంటుంది, మామూలు ఉక్కు పళ్లను త్వరగా మొండి చేసేస్తుంది. ప్లైవుడ్‌లోని జిగురు కూడా అంతే. మొండి బ్లేడుతో కోస్తే చెక్క మాడి నల్లబడుతుంది, మోటారు వేడెక్కుతుంది, మనం ఇంకా గట్టిగా తోస్తాం. ప్రమాదాలు ఎక్కువగా ఆ గట్టి తోపులోనే జరుగుతాయి.

చేతి సర్క్యులర్ సాతో కోసేటప్పుడు పళ్లు కింది నుంచి పైకి వస్తాయి, పైవైపే పెచ్చులు లేస్తాయి. అందుకని అందంగా కనపడాల్సిన ముఖం కిందికి ఉంచి కోయాలి. బ్లేడు లోతు చెక్క కింద ఒక పన్ను మాత్రమే బయటికి వచ్చేలా సర్దుకోవాలి. చెక్కను రెండు చివర్లా ఆనించి, మధ్యలో కోస్తే కోత మూసుకుపోయి బ్లేడును బిగిస్తుంది, అక్కడే మిషన్ తన్నుతుంది. తెగిపడే ముక్క కిందికి స్వేచ్ఛగా వాలేలా పెట్టుకుంటే ఆ బెడద లేదు. గీత వెంట పోవడానికి తిన్నని అల్యూమినియం పట్టీ ఒకటి రెండు క్లాంపులతో బిగించుకుంటే, కొత్తవాడి కోత కూడా మేస్త్రి కోతలా వస్తుంది.

పాత ఇళ్ల కలప సంగతి వేరే చెప్పాలి. మెట్ట కృష్ణా ఊళ్లలో పెంకుటిళ్లు విప్పినప్పుడు వచ్చే టేకు దూలాలు, వేప వాసాలు, తాటి దూలాలు ఎంతో విలువైనవి. కొత్త ఇంటికి అవే తలుపులుగా, మంచాలుగా మారతాయి. వాటి నిండా మేకులు. పైకి కనపడని విరిగిన మేకు మీద కార్బైడ్ పన్ను పడితే ఊడిపోతుంది. అలాంటి కలపను అయస్కాంతంతోనో మెటల్ డిటెక్టర్‌తోనో వెతికి మేకులన్నీ పీకాక గానీ మిషన్ పెట్టకూడదు. పెద్ద దూలాన్ని పలకలుగా చీల్చే పని ఇంట్లో పెట్టుకోవద్దు. అడితిలోని కోతమిల్లులో బ్యాండ్‌సా మీద అది చిటికెలో అవుతుంది, పొట్టు కింద పోయే కలప కూడా తక్కువ.

సర్క్యులర్ సా తిన్నని గీతకు మాత్రమే. వంపులు తిరిగే కోతకు, వంటింటి గట్టు పలకలో సింకు కోసం రంధ్రం తీయడానికి, తలుపులో తాళానికి రంధ్రం తీయడానికి జిగ్ సా కావాలి. సన్నని బ్లేడు కుట్టుమిషన్ సూదిలా పైకీ కిందికీ ఆడుతుంది. అది నిజంగా కుట్టుమిషన్ నుంచే పుట్టింది. 1946లో స్విట్జర్లాండ్‌లో సింటిల్లా కంపెనీలో పనిచేసే ఆల్బర్ట్ కాఫ్‌మన్ తన భార్య కుట్టుమిషన్‌లో సూది బదులు రంపపు బ్లేడు బిగించి చూశాడు. తర్వాత ఆ కంపెనీని బాష్ కొనుక్కుంది. మొదటిసారి మిషన్ పట్టేవారికి నేను జిగ్ సానే చెబుతాను. నెమ్మదిగా పోతుంది, తన్నే బలం తక్కువ, బ్లేడు సన్నది. దాని లోపమూ తెలిసి ఉండాలి. మందపు చెక్కలో బ్లేడు కింది కొస పక్కకు వంగి, పైన గీత మీదే ఉన్నా కింద తప్పిపోతుంది. 25 మిల్లీమీటర్లు దాటితే దాన్ని నమ్మి సూటి కోత పెట్టవద్దు. కట్టెకు, ఇనుప రేకుకు, సన్‌మైకాకు వేర్వేరు బ్లేడ్లు చవగ్గానే దొరుకుతాయి. బ్లేడు మొదలు టి ఆకారంలో ఉన్న రకం పట్టే మిషన్ తీసుకుంటే అవి ఎక్కడైనా దొరుకుతాయి.

బల్ల రంపం, మైటర్ సా ఇంటికి అవసరం లేదు. రోజూ కిటికీలు, అరలు చేసేవారికే అవి గిట్టుబాటు. అల్యూమినియం కిటికీ పట్టీల షాపుల్లో వాడేది మైటర్ సానే. బల్ల రంపం గురించి మాత్రం ఒక మాట. సర్క్యులర్ సాను తిరగేసి బల్ల కింద బిగించి సొంతంగా తయారుచేసుకోవడం మన వర్క్‌షాపుల్లో మామూలైపోయింది. అలా బిగించినప్పుడు గార్డు పోతుంది, స్విచ్ టేపుతో చుట్టేస్తారు, బ్లేడు వెనక కోత మూసుకోకుండా నిలిపే కత్తి ఉండదు. చేతి వేళ్లు బ్లేడుకు అంగుళం దూరంలో ఆడుతుంటాయి. 1999లో అమెరికాలో స్టీఫెన్ గాస్ అనే ఆయన, చర్మం తగలగానే బ్లేడును రెప్పపాటులో ఆపేసే పరికరం కనిపెట్టాడు. బల్ల రంపంతో వేళ్లు పోవడం అక్కడ కూడా ఎంత పెద్ద సమస్యో దీన్నిబట్టే తెలుస్తుంది. ఇక్కడ మనకు కనీసం గార్డు, అందేటంత దగ్గర్లో ఆపే బటన్, చెక్కను తోయడానికి ఒక కర్రముక్క ఉండాలి.

ఇనుము కోతకు కట్టె కోసే బ్లేడ్లు వాడకూడదు. రేకుల షెడ్డుకు గొట్టాలు కోయాలంటే 14 అంగుళాల కటాఫ్ మిషన్, చిన్న పనికి 4 అంగుళాల గ్రైండర్. వాటి అరగే చక్రాల మధ్య ఇనుప వలయం మీద గడువు నెల, ఏడాది అచ్చువేసి ఉంటాయి. ఆ గడువు దాటిన చక్రంలోని జిగురు బలహీనపడి ముక్కలుగా పేలవచ్చు. కొనేటప్పుడే చూసుకోవాలి. గ్రైండర్‌కు పళ్ల బ్లేడు గానీ, చైన్ చుట్టిన చక్రం గానీ బిగించడం మార్బుల్ కట్టర్ కంటే కూడా ఘోరం. ఆన్‌లైన్‌లో అవి ఎంత చౌకగా కనిపించినా వద్దు.

తోటలున్నవారికి చైన్ సా ఆశ ఉంటుంది. జి.కొండూరు, మైలవరం, నూజివీడు వైపు మామిడి, నందిగామ, జగ్గయ్యపేట వైపు సుబాబుల్, జామాయిల్. కాపు అయ్యాక కొమ్మలు దిద్దడానికీ, గాలివానకు విరిగినవి తీయడానికీ పెట్రోలు చైన్ సా బాగా ఉపయోగపడుతుంది. ఇంటి పెరట్లో ఒకటి రెండు చెట్లకైతే కర్ర చివర బిగించే చేతి రంపం చాలు. చైన్ సా కొనాలనుకుంటే చైన్ బ్రేకు పనిచేస్తుందో లేదో ముందు చూడాలి. పట్టీ ముక్కుకొన పైభాగం కొమ్మను తాకితే మిషన్ మన ముఖం మీదికి ఎగురుతుంది. ఆ ఎగురులో చైను తిరగకుండా ఆపేది ఆ బ్రేకే. భుజం ఎత్తు దాటి కోయవద్దు, చెట్టెక్కి ఒంటి చేత్తో అసలే వద్దు, కరెంటు తీగల పక్క కొమ్మలను లైన్‌మెన్‌కు చెప్పి తీయించండి. పెట్రోలులో టూ స్ట్రోక్ ఆయిల్ పుస్తకంలో చెప్పిన పాళ్లలోనే కలపాలి, చైనుకు వేరే ఆయిల్ పోయాలి. చెట్టు మొత్తంగా కొట్టేయాలంటే చాలా రకాలకు 2002 నాటి వాల్టా చట్టం కింద అనుమతి అడగాలన్నది గుర్తుంచుకోండి. కొండపల్లి రిజర్వ్ అడవిలోకి రంపంతో వెళ్లడం నేరం.

ఆ కొండపల్లి దగ్గరే ఇంకో పాఠం ఉంది. బొమ్మల కళాకారులు వాడే తెల్ల పొణికి కర్ర ఎంతో తేలికైనది, మెత్తనిది. దాన్ని ఉలితోనూ చేతి రంపంతోనూ మలుస్తారు. రంపపు పొట్టును చింతగింజల పిండితో కలిపిన మక్కుతో అవయవాలు అతుకుతారు. అంత సున్నితమైన పనికి చేతి పనిముట్లే సరిపోయాయి. ఇంట్లో ఒకటి రెండు చెక్కలు కోసే పనికి మంచి చేతి రంపం, బిగించే క్లాంపు ఉంటే చాలన్నది నేను గట్టిగా నమ్ముతాను. మిషన్ తీసి, వైరు లాగి, బ్లేడు సర్దే లోపు ఆ కోత అయిపోతుంది.

ఇప్పుడు కరెంటు మాట. 230 వోల్టుల దగ్గర 1200 వాట్ల మిషన్ 5 ఆంపియర్లకు పైగా లాగుతుంది. 6 ఆంపియర్ల చిన్న ప్లగ్గుకు అది అంచున ఉన్నట్టే. 2000 వాట్ల కటాఫ్ మిషన్‌కు 16 ఆంపియర్ల సాకెట్టే కావాలి. పల్లెల్లో లైను చివరి ఇళ్లకు వోల్టేజీ పడిపోతుంటుంది. అప్పుడు బ్లేడు వేగం తగ్గుతుంది, మనం తోస్తాం, మోటారు కాలుతుంది. వాసన వస్తే కోత ఆపి, ఖాళీగా ఒక నిమిషం తిప్పి చల్లార్చాలి. దీపాలకు వాడే సన్న వైరుతో ఎక్స్‌టెన్షన్ వేయకండి, దూరమైతే 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు వాడండి. తడి నేల మీద పనైతే, కరెంటు లీకైతే ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉన్న లైను నుంచే తీసుకోండి.

అమెరికాలో ఉన్న పిల్లలు ప్రేమగా మిషన్లు పంపడం మన వైపు చాలా ఇళ్లలో ఉంది. అక్కడి వైరు మిషన్లు 120 వోల్టులవి. ఇక్కడి ప్లగ్గులో పెడితే త్వరగానే కాలిపోతాయి. బ్యాటరీ మిషన్ అయితే మిషన్ ఇక్కడ పనిచేస్తుంది గానీ, అక్కడి ఛార్జర్ చాలాసార్లు 120కే పరిమితం. విడి లిథియం బ్యాటరీలు చెక్-ఇన్ సామానులో పెట్టనివ్వరు, 100 వాట్-అవర్ల లోపువి చేతి సంచిలో తేవచ్చు. 18 వోల్టుల 5 ఆంపియర్-అవర్ బ్యాటరీ 90 వాట్-అవర్లే. అయినా ఆ బ్రాండు సర్వీసు బెజవాడలో లేకపోతే అది ఒక్క బ్రేక్‌డౌన్‌తో మూలన పడుతుంది. ఇక్కడ కొన్నదే మేలు.

బ్యాటరీ రంపాలను నేను తక్కువగా చూడను. పైకప్పు మీద, కరెంటు లేని పొలం షెడ్డులో వాటికి సాటి లేదు, వైరు తెగే భయమూ ఉండదు. కానీ ఒక బ్రాండు బ్యాటరీ ఇంకో బ్రాండు మిషన్‌కు పట్టదు. డ్రిల్లు, గ్రైండర్, రంపం అన్నీ ఒకే బ్రాండులో కొనేవారికే ఇది లాభం. మే నెలలో నందిగామ, జగ్గయ్యపేటల్లో ఎండ 45 డిగ్రీలు తాకే రోజులుంటాయి. ఆ వేడిలో చాలా ఛార్జర్లు ఛార్జింగ్ ఆపేస్తాయి. తెల్లవారుజామున ఛార్జ్ చేసుకోవాలి, ఎండలో కారులో బ్యాటరీ వదలకూడదు.

దుమ్మును మనవాళ్లు అసలు లెక్కచేయరు. కట్టె పొట్టు, రాతి సిలికా దుమ్ము రెండింటినీ ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ మనుషుల్లో క్యాన్సర్ తెచ్చేవాటి మొదటి జాబితాలోనే చేర్చింది. తువ్వాలు చుట్టుకుంటే ఆగే దుమ్ము కాదది, ఎన్95 మాస్క్ వేసుకోవాలి. కళ్లజోడు, చెవులకు అడ్డు, కాళ్లకు బూట్లు. తిరిగే బ్లేడు దగ్గర వదులు చేతి తొడుగులు, జారే లుంగీ, మెడలో కండువా వద్దు, అవి చేతిని లోపలికి లాగుతాయి. ఎంత జాగ్రత్తపడ్డా వేలు తెగితే, తెగిన ముక్కను తడిపి పిండిన శుభ్రమైన బట్టలో చుట్టి, గాలి చొరని ప్లాస్టిక్ సంచిలో మూసి, ఆ సంచిని ఐసు మీద పెట్టండి. ముక్క నేరుగా ఐసుకు తగలకూడదు. గాయాన్ని గట్టిగా నొక్కి పట్టి, ఆలస్యం చేయకుండా బెజవాడలో చేతి శస్త్రచికిత్స చేసే ఆసుపత్రికి వెళ్లండి. గంటల్లోనే అయితే అతికించే అవకాశం ఉంటుంది.

ఇంటి వరకు నా తీర్పు ఇది. మొదట మంచి చేతి రంపం, రెండు క్లాంపులు. ఆ తర్వాత జిగ్ సా. ఏడాదికి నాలుగైదు ప్లైవుడ్ షీట్లు కోసే అవసరం, తలుపులు దిద్దే పని నిజంగా ఉంటేనే 7 అంగుళాల సర్క్యులర్ సా, దానితో పాటు 40 పళ్ల బ్లేడు. దూలాల కోత అడితికి, కిటికీల పని షాపుకి, చెట్ల పని అలవాటున్న మనిషికి వదిలేయండి. ఇంట్లో మార్బుల్ కట్టర్ ఇప్పటికే ఉంటే టైల్స్‌కు వాడుకోండి, అది ఆ పనికి మంచి మిషనే. దానికి బిగించి ఉన్న కట్టె బ్లేడును మాత్రం ఈ రోజే విప్పి తీసేయండి. మీ ఇంటికి పని చేయడానికి వచ్చే వడ్రంగి అలాంటి మిషన్ తెస్తే, ఆయన కూలి డబ్బుల దగ్గర బేరమాడటం మాని, సరైన రంపం కొనుక్కోవడానికి కొంత ముందుగా ఇవ్వండి.